సీసాకు ఏ వైపు రంగు వెలిసిందో చూడండి

ఎండలో ఉంచిన కూల్‌డ్రింకుల్లో ప్రిజర్వేటివ్‌లు హానికరంగా మారతాయా అని అడిగారు. అన్నీ మారవు, కానీ ఒక జంట విషయంలో మాత్రం నాకు అనుమానం లేదు.

రెండేళ్ల కిందట మే నెలలో మా అమ్మాయికి దాహమైతే రేణిగుంట రోడ్డులో ఒక కొట్టు దగ్గర ఆగాము. పందిరి నీడ దాటి, నడుమెత్తున పేర్చిన నిమ్మరుచి పానీయం సీసాల్లోంచి ఒకటి తీసి తిప్పి చూస్తే, రోడ్డు వైపు లేబుల్ పచ్చదనం పోయి దాదాపు తెల్లబడింది, గోడ వైపు మాత్రం కొత్తదానిలా నిగనిగలాడుతోంది. ఆ సీసా కదలకుండా ఎన్నాళ్లు ఎండిందో అదే చెప్పింది. వెనక చిన్న అక్షరాల్లో, ఆహారంలో కలిపే పదార్థాలకిచ్చే అంతర్జాతీయ నంబర్లు ఐ.ఎన్.ఎస్. 211, 300 అనీ, వాటి కిందే ఎండ తగలనీయవద్దనీ అచ్చువేసి ఉంది. కొట్టాయనకు చూపిస్తే, "ఫ్రిజ్‌లో పెట్టే ఇస్తాం కదా సార్" అన్నాడు.

211 సోడియం బెంజోయేట్, 300 విటమిన్ సి. ఈ రెండూ పుల్లటి పానీయంలో కలిసి ఉన్నప్పుడు వేడి, వెలుతురు తగిలితే కొద్దికొద్దిగా బెంజీన్ పుడుతుంది. రక్త క్యాన్సర్‌కు కారణమని తేలిన పదార్థం అది. మూత బిగించిన సీసాలో ఒకసారి పుట్టినది ఫ్రిజ్‌లో పెట్టినంత మాత్రాన పోదు. అయితే అమెరికాలో 2005 నుంచి జరిపిన పరీక్షల్లో ఎక్కువ పానీయాల్లో అక్కడి తాగునీటి పరిమితి అయిన 5 పీపీబీ (వంద కోట్ల వంతుల్లో 5 వంతులు) కంటే తక్కువే కనిపించింది, మించిన కొన్నింటి తయారీని కంపెనీలు మార్చుకున్నాయి. కాబట్టి ఒక్క సీసాతో ఎవరికీ ఏమీ కాదు. వేసవి సెలవులంతా రోజూ అవే తాగే పిల్లల గురించే నా బాధ.

అసలు తోతాపురి మామిడి కాసే జిల్లాలో ఉంటూ ఈ రంగునీళ్లకు డబ్బు పోయడమే నాకు మింగుడుపడదు. తిరుమల కొండమీద ప్లాస్టిక్ నీళ్ల సీసాలనే మాన్పించారే, కొండకింద ఈ పెట్టెల మీద ఒక పట్ట కప్పించలేరా?

మొన్న అటు వెళ్తే ఆ కొట్టు ముందు నిజంగానే టార్పాలిన్ పట్ట కప్పి ఉంది. సంతోషంగా దగ్గరకు వెళ్లి ఎత్తి చూస్తే దాని కింద ఎర్రగడ్డల బస్తాలున్నాయి. సీసాలు పక్కనే, ఎండలోనే ఉన్నాయి.