హైవే మీద వేగం, బోర్డు మీద అంకె: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: రోడ్డు తిన్నగా, ఖాళీగా ఉంటుంది. బండి 140 కూడా అవలీలగా అందుకుంటుంది. బోర్డు మీద మాత్రం 100. ఈ అంకె ఎవరు, ఏ లెక్కన పెడతారు?

జవాబు: మొదటి లెక్క రోడ్డు వేసేటప్పుడే మొదలవుతుంది. మలుపు ఎంత విశాలంగా తిరుగుతుంది, మిట్ట ఎక్కి దిగేచోట ముందు ఎంత దూరం కనిపిస్తుంది అన్నవాటిని బట్టి ఆ రోడ్డు ఎంత వేగానికి పనికొస్తుందో ఇంజినీర్లు ముందే తేలుస్తారు. రెండోది రోడ్డు వాడుకలోకి వచ్చాక చూసేది. ముందు అడ్డంగా ఏ బండీ లేకుండా స్వేచ్ఛగా పోయే ఓ వంద బళ్ల వేగం కొలుస్తారు. తక్కువ నుంచి ఎక్కువకు వరసగా పేర్చి 85వ బండి వేగం ఎంతో చూస్తారు. నూటికి 85 మంది ఆ వేగం లోపలే పోతున్నారన్నమాట. చాలాచోట్ల పరిమితి పెట్టడానికి ఇదే ఆధారం.

బోర్డు దీనికన్నా బాగా కిందికి పోతే ఎవరూ లెక్కచేయరన్న డ్రైవర్ల మాటలో నిజం ఉంది. ఇంధన కొరత రోజుల్లో, 1974లో, అమెరికా దేశమంతటికీ గంటకు 55 మైళ్లు, అంటే సుమారు 88 కి.మీ. పరిమితి పెట్టింది. ఖాళీ హైవేల మీద దాన్ని పాటించినవాళ్ల కన్నా దాటినవాళ్లే ఎక్కువ. చివరికి 1995లో ఎత్తేసింది. అయితే 85వ బండి లెక్కకూ ఓ లోపం ఉంది. డ్రైవరుకు తెలిసింది తన కంటికి కనిపించినంత వరకే. పొదల వెనక నుంచి వచ్చి కలిసే పక్కదారి, రాత్రిపూట రోడ్డు దాటే మనుషులు అతని అంచనాలోకి రారు. బోర్డు అన్యాయంగా ఉందనిపిస్తే వేగం సర్వే ఎప్పుడు, ఏ కిలోమీటరు దగ్గర చేశారో అడగండి. పాత సర్వే అయితే మీ వాదనకు బలం ఉన్నట్టే.

ప్రశ్న: 100కు బదులు 120లో పోతే ఏమంత తేడా? బ్రేకులు బాగానే ఉన్నాయి కదా.

జవాబు: 100 అంటే సెకనుకు సుమారు 28 మీటర్లు. అడ్డు కనబడ్డాక కాలు బ్రేకు మీద పడేసరికి ఒకటిన్నర సెకను పోతుంది, అంటే 42 మీటర్లు. పొడి రోడ్డు, మంచి టైర్లు, గట్టి బ్రేకు అనుకున్నా ఆగడానికి ఇంకో 55 పడుతుంది. మొత్తం 97 మీటర్లు. ఇప్పుడు అదే బండి 120లో ఉందనుకోండి. బ్రేకు పట్టకముందే 50 మీటర్లు దాటిపోతుంది. మొదటి బండి నిలిచిపోయిన 97వ మీటరు దగ్గర ఇది ఇంకా 77 కి.మీ. వేగంతో ఉంటుంది. పూర్తిగా ఆగేది 129 మీటర్ల దగ్గర. పెంచింది 20, గుద్దేది 77 వేగంతో! బ్రేకు దూరం వేగంతో పాటు కాక వేగం వర్గంతో పెరగడమే దీనికి కారణం.

వాన పడితే పట్టు సగానికి దగ్గరగా పడిపోతుంది. అప్పుడు 80లో పోతేనే, పొడి రోడ్డు మీద 100లో పోయినంత దూరంలో ఆగగలరు. రాత్రి డిమ్ లైటు 50, 60 మీటర్లకు మించి సరిగా పడదు. ఆ వెలుగులో 100 కూడా ఎక్కువే. 100కు బదులు 120లో పోయి ఇంత చేసినా మిగిలేది 100 కిలోమీటర్లకు 10 నిమిషాలు, అదీ ఎక్కడా వేగం తగ్గించకుండా పోతే. గాలి ఎదురు మాత్రం 44 శాతం పెరుగుతుంది, ఇంధనం లెక్కలో అది కనిపిస్తుంది.

ప్రశ్న: అసలు ప్రమాదాలు చేసేది నెమ్మదిగా పోయేవాళ్లే అంటారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. 1964లో అమెరికాలో డేవిడ్ సాలమన్ అధ్యయనం వచ్చినప్పటి నుంచి ఈ మాట తిరుగుతోంది. మిగతా బళ్ల కన్నా బాగా ఎక్కువగా గానీ, బాగా తక్కువగా గానీ పోయేవాళ్లకు ప్రమాదాలు ఎక్కువని ఆయన గ్రాఫు చూపింది. కానీ తక్కువ వేగం వైపున లెక్కకొచ్చిన బళ్లలో చాలా వరకు పక్కకు తిరగడానికి వేగం తగ్గించినవి. వాటిని పక్కన పెడితే ఆ వైపు గ్రాఫు చాలా దిగిపోతుంది. కుడి, ఎడమ చూసుకోకుండా వేగంగా పోయే లేనులో 60లో నడపడం మాత్రం తప్పే, అందులో వాదన లేదు.

ప్రశ్న: మీటరులో ముల్లు 100 మీదే ఉంది. చలానాలో 104 అని వచ్చింది. మెషిన్ తప్పు కాదా?

జవాబు: ముందు మీ టైర్లు చూడండి. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు, ఎక్కువ చూపొచ్చు. అసలు 100లో పోతుంటే 114 వరకు చూపినా ఒప్పే. అందుకే కంపెనీ ఇచ్చిన టైర్లతో ఉన్న బండిలో ముల్లు 100 మీద ఉంటే అసలు వేగం సాధారణంగా 95, 97 దగ్గర ఉంటుంది. 205/55 ఆర్16 సైజు టైర్లు తీసేసి 215/60 ఆర్16 సైజువి వేయించుకుంటే చక్రం వ్యాసం 5 శాతం పెరుగుతుంది. చక్రం ఒక్కో చుట్టుకు ఎక్కువ దూరం పోతుంది, మీటరుకు ఆ సంగతి తెలియదు. కంపెనీ ఇచ్చిన వెసులుబాటంతా అక్కడే ఖర్చయిపోతుంది.

తేల్చుకోవాలంటే చదునైన తిన్నని రోడ్డు మీద ముల్లును ఒకేచోట పది సెకన్లకు పైగా నిలిపి ఫోనులో జీపీఎస్ వేగం చూడండి. వేగం మారుతుండగా చూడొద్దు, జీపీఎస్ కాస్త వెనకబడుతుంది. ఫోను లేకపోతే కిలోమీటరు రాళ్లున్నాయి. సరిగ్గా 100లో పోతే ఒక రాయి నుంచి దాని తర్వాతి ఐదో రాయికి 3 నిమిషాలు.

టైర్లు సరైనవే అయితే ఇక కెమెరాను అనుమానించాలి. చేతిలో పట్టుకునే రాడార్ గన్ పక్క నుంచి గురిపెడితే వేగం తగ్గించే చూపిస్తుంది. కోణం 20 డిగ్రీలుంటే 100ను 94 అంటుంది. నష్టం మీకు కాదు. రోడ్డు పక్కన స్థిరంగా బిగించిన రాడార్ కెమెరా వేరు. దానికి కోణం ముందే చెప్పి ఉంచుతారు, ఆ మేరకు కలుపుకుని చూపిస్తుంది. 22 డిగ్రీలని చెప్పి 18 డిగ్రీలకు బిగిస్తే రెండున్నర శాతం ఎక్కువ చూపిస్తుంది. ఇంకో చిక్కు, రాడార్ కిరణం విచ్చుకుంటూ పోతుంది. 12 డిగ్రీల కిరణం 300 మీటర్ల దూరంలో 60 మీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది. ఆ దూరంలో పక్కపక్కన మూడు బళ్లుంటే అంకె ఎవరిదో చెప్పడం కష్టం. లేజర్ గన్‌కు ఈ బాధ లేదు, అదే దూరంలో దాని వెడల్పు మీటరు లోపే.

అందుకని ఫొటో తెప్పించుకోండి. మీ బండి పక్కన ఇంకోటి ఉందా? పరికరం సరిచూసిన సర్టిఫికెట్ గడువు దాటిందా? అర సెకను తేడాతో తీసిన రెండు ఫొటోలు ఉంటే రోడ్డు మీది తెల్లగీతలతో మీరే లెక్క కట్టొచ్చు. 100లో పోయే బండి ఆ అర సెకనులో సుమారు 14 మీటర్లు కదలాలి. పరిమితి మీద పది శాతం ఎలాగూ వదిలేస్తారన్న నమ్మకం మాత్రం పెట్టుకోకండి. జర్మనీలో తగ్గించేది 100 వరకు 3 కి.మీ., ఆపైన 3 శాతమే.

ప్రశ్న: రెండు కెమెరాల మధ్య సగటు వేగం చూసే చోట, రెండోదానికి ముందు కాసేపు ఆగితే సరిపోతుందా?

జవాబు: సరిపోతుంది. పరిమితి 100 అయితే 10 కిలోమీటర్లకు 6 నిమిషాలు పట్టాలి, మీరు 5లో వచ్చి ఒక నిమిషం ఆగుతారు. మరి తొందరపడి మిగుల్చుకున్నదేమిటి?

ప్రశ్న: చెట్ల చాటున కెమెరా పెట్టడం డబ్బుల కోసమే కదా?

జవాబు: అన్నిచోట్లా కాదు. ఒకచోట కనబడేలా పెట్టిన కెమెరా ఆ మలుపునో ఆ కూడలినో కాపాడుతుంది. దాని ముందు బ్రేకు, దాటాక యాక్సిలరేటరు అన్నది అందరూ చేసేదే. కనబడని కెమెరా రోడ్డంతటా వేగం తగ్గించడానికి. అనుమానించాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. ప్రమాదాల చరిత్ర లేని చోట, 100 నుంచి 80కి దిగిన బోర్డు దాటిన వెంటనే, అందులోనూ దిగుడులో కెమెరా ఉంటే అడగాల్సిందే. అలాంటి దిగుడులో క్రూయిజ్ కంట్రోల్‌ను, అంటే పెట్టిన వేగాన్ని దానంతటదే నిలిపే ఏర్పాటును, నమ్ముకోకండి. చాలా బళ్లలో అది ఇంధనం ఆపుతుందే గానీ బ్రేకు వేయదు, బండి దానంతటదే పది కిలోమీటర్లు ఎక్కేస్తుంది. బోర్డు కనబడగానే ఒక గేరు దించండి.