స్వాతికి, అపాయింట్‌మెంట్ ఆర్డర్లు ఇచ్చే ముందు

అమ్మా స్వాతీ,

జీడిమెట్లలో షెడ్డు తీసుకున్నావనీ, వచ్చే నెల నుంచి అట్టపెట్టెల యూనిట్ మొదలుపెడుతున్నావనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. మనింట్లో నలుగురికి జీతాలిచ్చే స్థాయికి వచ్చింది నువ్వే తల్లీ, ఎంత సంతోషమైందో! కానీ వాడు పంపిన పోస్టుల జాబితా చూశాక టెన్షన్ పట్టుకుంది. పన్నెండుమందిలో ఏడుగురు సూపర్‌వైజర్లేమిటే?

జీతం, చేరే తేదీ సరిచూసుకో. సంతకం తీసుకుని వాళ్లకో కాపీ ఇవ్వు.

అప్రెంటిస్ అని రాయాలంటే 1961 అప్రెంటిస్ చట్టం కింద కాంట్రాక్టు రిజిస్టర్ చేయాలి. పని నేర్పకుండా మెషిన్ మీద నిలబెట్టి ఆ పేరు పెట్టకు. వారానికోసారి వచ్చి లెక్కలు చూసే ఆయన కన్సల్టెంట్. రోజూ తొమ్మిదింటికొచ్చి నువ్వు చెప్పిన పని చేసే అమ్మాయి ఉద్యోగి. ఈఎస్ఐ తప్పించుకోవడానికి ఆమెను కూడా కన్సల్టెంట్ అనమని ఎవరైనా చెబితే వినకు.

ఇక సూపర్‌వైజర్ సంగతి. నేను ఉద్యోగుల వ్యవహారాలు చూసే పర్సనెల్ డిపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో, మా ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్‌లో ఒకాయన ఉండేవాడు. మేనేజ్‌మెంట్ జీతం కాస్త పెంచి సూపర్‌వైజర్ అని లెటరిచ్చింది. సెక్షనంతా స్వీట్లు పంచాడు పాపం. ఆ నెల నుంచే ఓవర్‌టైమ్ ఆగిపోయింది. పని మాత్రం అదే, పెట్టెలు కట్టడం. తర్వాత ఆర్డర్లు తగ్గగానే తీసేశారు. అప్పటి 1947 పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం కార్మికుడైతే నెల నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాల్సి ఉండేది. సూపర్‌వైజర్‌కి అప్పట్లో నెల జీతం 1,600 దాటితే కార్మికుడి లెక్కలోకి వచ్చేవాడు కాదు. అందుకని చేతిలో పైసా పెట్టకుండా పంపించారు.

లేబర్ కోర్టులో హోదా పేరు నిలబడలేదు. ఈయన ఎవరికైనా సెలవు మంజూరు చేశాడా, పని పంచాడా అని అడిగారు. రిజిస్టర్లు తెప్పిస్తే సెలవు కాగితాలన్నిటి మీదా షిఫ్ట్ ఇన్‌ఛార్జి సంతకమే ఉంది. ఈయన సంతకం ప్యాకింగ్ స్లిప్పుల కింద, పెట్టె కట్టినవాడి గడిలో, కార్బన్ మరకల మధ్య కనిపించింది. ఏళ్లు గడిచాక బకాయి జీతంతో సహా ఉద్యోగం తిరిగి వచ్చింది. అప్పటికే కూతురి చదువు మానిపించేశాడు. అందుకే ఆ మాట చూస్తే నాకింత భయం.

2025 నవంబర్ 21 నుంచి ఆ 1947 చట్టం స్థానంలో కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ అమల్లోకి వచ్చింది. ఆ పరిమితి ఇప్పుడు 18,000. అయినా చూడాల్సింది మనిషి చేసే పనినే.

గౌరవంగా ఉంటుందని పెట్టి ఉంటావు, నీ మనసు నాకు తెలియదా? స్టిచింగ్ మెషిన్ మీద ఉండే అబ్బాయిని సీనియర్ ఆపరేటర్ అను, జీతం ఓ వెయ్యి పెంచు. అదీ గౌరవమే. ఏడుగురిలో నిజంగా షిఫ్టు చూసుకునేదెవరో, సెలవులిచ్చేదెవరో రాసి పంపు. ఆదివారం వస్తాను, అన్ని ఆర్డర్లూ కలిసి చూద్దాం. అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకు. హడావిడిలో భోజనం మానకు.

మీ పెదనాన్న