జోవా రాయి అడుగున తెల్లటి చుట్టలు: రాయిని మరిగించకండి, గుడ్లను వెతకండి

సందేహం: మాది నెల్లూరు. ఉద్యోగరీత్యా చెన్నై విల్లివాక్కంలో ఉంటున్నాం. ఇంట్లో 200 లీటర్ల సముద్రపు నీటి అక్వేరియంలో జోవాలు (రాయికి గుంపుగా అంటుకుని పెరిగే, పగడాల జాతికి దగ్గరైన చిన్న రంగుల జీవులు), మెత్తని పగడాలు పెంచుతున్నాను. మూడు వారాల క్రితం కొత్త జోవా రాయి కొని తెచ్చి నేరుగా ట్యాంక్‌లో పెట్టాను. ఇప్పుడు దాని పాలిప్‌లు (పువ్వుల్లా విచ్చుకునే ఒక్కో జీవి) సగం విచ్చుకోవడం లేదు, కొన్ని మాయమయ్యాయి. పక్క రాయిదీ అదే పరిస్థితి. రాయిని తిప్పి చూస్తే అడుగున తెల్లటి చిన్న చుట్టలు కనిపించాయి. ఒకరు ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు ట్యాంక్‌లో కలపమన్నారు. ఇంకొకరు రాయిని నీళ్లలో వేసి మరిగించమన్నారు. చాలా టెన్షన్‌గా ఉంది, ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, చెన్నై

సలహా: ఆ రెండు పనులూ చేయకండి. ముఖ్యంగా మరిగించడం. జోవాల్లో, వాటి దగ్గరి బంధువులైన పాలిథోవాల్లో పాలీటాక్సిన్ అనే విషం ఉండవచ్చు. హవాయి దీవుల్లో దొరికే ఒక పాలిథోవా జాతి నుంచి దీన్ని వేరుచేసినట్టు శాస్త్రవేత్తలు 1971లో ప్రకటించారు. వేడికి ఇది విరగదు. రాయిని మరిగించినా, వేడినీళ్లు పోసి రుద్దినా ఆవిరితో, తుంపరలతో కలిసి గాల్లోకి లేస్తుంది. అలా పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు విదేశాల్లో ఉన్నాయి. నోట్లో చేదు, లోహపు రుచి, చలిజ్వరం, దగ్గు, ఆయాసం, ఒళ్లునొప్పులు దీని లక్షణాలు. విరుగుడు మందు లేదు. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటారు కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. ఆ రాయిని ముట్టుకునే ప్రతిసారీ చేతికి రబ్బరు గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి. చేతి మీద పుండు గానీ గాటు గానీ ఉంటే ఆ రోజు ఆ పని మానుకోండి.

ఇక పురుగు సంగతి. మీరు చెప్పిన తెల్లటి చుట్టలు గుడ్లలా ఉన్నాయి, వాటిని బట్టి ఇది జోవాలను తినే నూడిబ్రాంక్ అనిపిస్తోంది. ఇది గుల్ల లేని నత్త. కొన్ని మిల్లీమీటర్ల నుంచి సెంటీమీటరు దాకా ఉంటుంది. వీపు మీద కుచ్చుల్లాంటి పోగులు ఉంటాయి, అవి జోవా అంచు పోగుల్లాగే కనిపిస్తాయి. పైగా ఏ రంగు జోవాను తింటే ఆ రంగే ఒంటికి పడుతుంది. అందుకే పగలు ఎదురుగా ఉన్నా కంటికి ఆనదు. లైట్లు ఆపిన గంట తర్వాత టార్చి వేసి పాలిప్‌ల మొదళ్లలో చూడండి. విచ్చుకోని పాలిప్‌ల మధ్య ఒక్క "పాలిప్" మాత్రం కదులుతుంటే అదే దొంగ.

అదే సమయంలో నలుపు తెలుపు గళ్లున్న బల్లపరుపు గుల్ల నత్త కనిపిస్తే దాన్నీ పట్టకారుతో తీసేయండి. అది సన్‌డయల్ నత్త, దాని తిండి కూడా జోవాలే. చిన్న రొయ్యల్లా గెంతే ఆంఫిపాడ్‌లు, రాళ్ల సందుల్లోని బ్రిసిల్‌వార్మ్‌లు (ఒంటి నిండా నూగు ఉండే పురుగులు) సాధారణంగా మిత్ర పురుగులే, వాటి జోలికి వెళ్లకండి.

పొగాకు లద్దె పురుగు ఆకు అడుగున గుడ్లు కుప్పగా పెట్టడం మీ ఊళ్లో చూసే ఉంటారు. పిల్ల పురుగులు పాకకముందే ఆ ఆకును తుంచేయమని రైతులకు చెబుతాం. ఇక్కడా అంతే. డిప్ మందులు (నీళ్లలో కలిపి రాయిని కాసేపు ముంచే మందులు) కదిలే పురుగును చంపుతాయి గానీ గుడ్డును సరిగా చంపలేవు. ఒక్కసారి ముంచి "తగ్గింది" అనుకున్నవాళ్లకు పది రోజుల్లో మళ్లీ మొదలయ్యేది ఇందుకే.

ఇలా చేయండి. మూడు బకెట్లలో ట్యాంక్ నీళ్లే తీసుకోండి. మొదటి దాంట్లో పగడాల కోసమే అమ్మే డిప్ మందును లేబుల్ మీద రాసిన మోతాదులో కలపండి. రాయిని చెప్పినంతసేపు ముంచి, సూది లేని పెద్ద సిరంజితో నీటి లోపలే పాలిప్‌ల మధ్యకు నీళ్లు చిమ్మండి. పురుగులు ఊడి అడుగున పడతాయి. తర్వాత మిగతా రెండు బకెట్లలో కడగండి. డిప్ నీళ్లు ఒక్క చుక్క కూడా ట్యాంక్‌లోకి పోకూడదు. గుడ్ల చుట్టలను పట్టకారుతో, రాయిని నీటిలో ఉంచే, ఒక్కొక్కటిగా లాగేయండి. పాలిప్‌లను గీకకండి. గుడ్లు ఎక్కువగా అంటిన ప్లగ్ (జోవాను అతికించే చిన్న దిమ్మ) ఉంటే దాన్ని మార్చేయడమే మేలని నా అభిప్రాయం. 5 నుంచి 7 రోజులకోసారి, కనీసం నాలుగు వారాలు ఇదే పని చేయాలి. ఓపిక పట్టాలి, దగ్గరి దారి లేదు.

ఇందులో ఇంకో భాగం ఉంది. జబ్బు కనిపించిన రాళ్లనే కాదు, జోవాలన్నిటినీ తీసి 30-40 లీటర్ల వేరే ట్యాంక్‌లో పెట్టండి. ఉప్పు లీటరుకు 35 గ్రాములు, వేడి 25-26 డిగ్రీలు, నీటిని కదిలించే చిన్న వేవ్‌మేకర్, లైటు ఉంటే చాలు. మన చెన్నై ఎండలకు హీటర్‌తో పని లేదు గానీ మే నెలలో నీళ్లు 30 దాటకుండా ఫ్యాన్ పెట్టుకోవాలి. పెద్ద ట్యాంక్‌లో ఆరు వారాలు జోవా అన్నది లేకుండా చూడండి. పొలంలో పంట విరామం ఇచ్చినట్టు అన్నమాట. ఈ పురుగుకు వేరే తిండి పట్టదు కాబట్టి మిగిలినవి ఆకలితో పోతాయి.

ఇమిడాక్లోప్రిడ్ పొలంలో రసం పీల్చే పురుగులకు వాడే మందు. ట్యాంక్‌లో పోస్తే ముందు చచ్చేది మీ రొయ్యలు, పీతలు, నీటిలోని సూక్ష్మ జీవాలు. నత్త జాతి పురుగు కోసం కీటకాల మందుతో ట్యాంక్ మొత్తాన్ని పణంగా పెట్టకండి.

మీరు అడగకపోయినా ఒక మాట చెప్పాలి. కొత్త రాళ్లు కొనేటప్పుడు రాతి పగడాలు (గట్టి సున్నపు గూడు కట్టే పగడాలు) చూపిస్తే వద్దనండి. మన దేశంలో అవన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన్నార్ సింధుశాఖలో మిగిలిన దిబ్బలకు అదే రక్ష. జోవాలు రాతి పగడాలు కావు. ఏది కొన్నా కనీసం నెల రోజులు వేరు ట్యాంక్‌లో ఉంచి, రెండుసార్లు డిప్ చేశాకే లోపల పెట్టండి.

నాలుగో డిప్ తర్వాత కూడా గుడ్లు కనిపిస్తూ, పాలిప్‌లు చాలావరకు పోయి ఉంటే ఆ రాయిని వదులుకోండి. కిటికీలు తీసి, గ్లౌజులు వేసుకుని, బ్లీచ్ కలిపిన నీళ్లలో రాత్రంతా నానబెట్టి, కవర్లో మూటకట్టి చెత్తలో వేయండి. పాపం అనిపించి బెసెంట్ నగర్ బీచ్‌లో మాత్రం వదలకండి.