ఎల్కో వెళ్ళే ముందు డ్రైవింగ్ నేర్చుకోండమ్మా

జే-1 వేవర్ మీద (జే-1 వీసాతో శిక్షణ పొందిన డాక్టర్లు స్వదేశానికి తిరిగెళ్ళే బదులు, డాక్టర్లు తక్కువున్న చోట మూడేళ్ళు పనిచేసే మినహాయింపు) మీవారికి అమెరికాలో నెవాడా రాష్ట్రంలోని ఎల్కో కౌంటీ ఆస్పత్రిలో ఉద్యోగం వచ్చిందని, మూడేళ్ళు ఎలా గడుస్తాయోనని రాశారు. ఇండియన్ స్టోర్ గురించి అడిగారు, గుడి గురించి అడిగారు. డ్రైవింగ్ ఊసే ఎత్తలేదు. నాకు టెన్షన్ అక్కడే.

ఉమ్మడి అనంతపురం లాంటి జిల్లాలు రెండు కలిపినా ఈ కౌంటీ అంత కావు. జనం మాత్రం 2020 లెక్కల్లో 54 వేల లోపే. అందులో ఎక్కువమంది ఎల్కో, స్ప్రింగ్ క్రీక్‌లలోనే ఉంటారు. మిగతాదంతా సేజ్‌బ్రష్ పొదలు, కొండలు, రాంచ్‌లు, బంగారు గనులు. వేవర్‌లో మీవారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, మీది ఆయన భార్యగా వచ్చే హెచ్-4. దాని మీద మామూలుగా ఉద్యోగం చెయ్యనివ్వరు. ఆయన డ్యూటీకి పోతే కారు నడపలేని మనిషికి ఇల్లే జైలు. గ్రేట్ బేసిన్ కాలేజీ ఆ ఊళ్ళోనే ఉంది, హెచ్-4 మీద చదువుకోవచ్చు. అక్కడికి వెళ్ళాలన్నా కారు కావాలి కదా!

పప్పులు, చింతపండు తెచ్చుకోవడానికి సాల్ట్‌లేక్ సిటీ 230 మైళ్ళు. పెద్ద ఫ్రీజర్ కొనుక్కుంటే ఆ బాధ సగం తీరుతుంది. దారిలో వెల్స్ అనే ఊరు దాటాక వెస్ట్ వెండోవర్ దాకా సుమారు 60 మైళ్ళు పెట్రోలు దొరుకుతుందని నమ్ముకోకండి. వెండోవర్ నుంచి అటువైపు గడియారం ఎల్కో కన్నా గంట ముందుంటుంది, డాక్టర్ అపాయింట్‌మెంట్లకు గుర్తుపెట్టుకోండి. చిన్న రోడ్ల మీద ఇంకో సంగతి. ఇది ఓపెన్ రేంజ్ రాష్ట్రం, కంచె లేనిచోట ఆవులు రోడ్డెక్కుతాయి. గుద్దితే ఆవు యజమానిది బాధ్యత కాదు. చీకట్లో నెమ్మదిగా పోవాలి. ఊరు 5,000 అడుగుల ఎత్తున ఉంది, చలికాలం మంచు తప్పదు. డిక్కీలో దుప్పట్లు, నీళ్ళు, పార ఉండాలి. కొండల్లో ఫోన్ సిగ్నల్ ఉండదు. ఇన్సూరెన్స్‌లో ఎయిర్ అంబులెన్స్ కవర్ అవుతుందో లేదో ఇప్పుడే చూడండి.

ఇంత చెప్పి భయపెట్టాననుకోకండి. లమోయిల్ కాన్యన్ రోడ్డు వేసవిలో చూస్తే మీరే ఇంకో ఏడాది ఉందామంటారు. హిమానీనదాలు చెక్కిన లోయ అది, పైన రూబీ పర్వతాలు. ఒకప్పుడు స్పెయిన్, ఫ్రాన్స్ సరిహద్దు ప్రాంతం నుంచి గొర్రెలు కాయడానికి వచ్చిన బాస్క్ వాళ్ళ హోటళ్ళలో పొడవాటి బల్లల మీద అందరికీ కలిపి గిన్నెల్లో వడ్డిస్తారు, అచ్చం మన బంతి భోజనమే. మాంసం తినకపోయినా సూప్, సలాడ్, చిక్కుళ్ళు అడగొచ్చు. మాటలు కలిసేది కూడా అక్కడే.

నెవాడా చేరాక లైసెన్స్ మార్చుకోవడానికి 30 రోజులే గడువు. అందుకని ఇప్పుడున్న చోటే టెస్ట్ పాసవ్వండి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, హైవే మీద మీరే నడపండి.