సాంబార్లో మాత్ర కలపొద్దు

చి.ల.సౌ. పద్మకు, పెదనాన్న ఆశీస్సులు.

బాబుకు మానసిక జబ్బు మాత్ర పొడి చేసి సాంబార్లో కలుపుతున్నావని మీ అమ్మ చెప్పింది. వాడు సగం అన్నం వదిలేస్తే సగం మందు కంచంలోనే ఉంటుంది; ఎంత లోపలికెళ్లిందో డాక్టరుకూ తెలీదు. అంతకన్నా పెద్ద చిక్కు ఇంకోటుంది. 'నా తిండిలో ఏదో కలుపుతున్నారు' అనేది లేనివి వినిపించే, లేనివి నిజమని నమ్మే ఈ జబ్బు, అంటే సైకోసిస్‌లో తరచూ వచ్చే అనుమానం. ఒక్కసారి పట్టుబడ్డావా, అది నిజమైపోతుంది. ఆ తర్వాత నీ చేతి మంచినీళ్లు కూడా తాగడు.

మాత్ర ఎందుకొద్దో వాణ్ణే అడుగు. ఒలాంజపిన్ అయితే ఆకలి, బరువు పెరుగుతాయి, మగతగా ఉంటుంది. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్ అయితే చేతుల వణుకు, ఒళ్లు బిగుసుకోవడం, ఒకచోట కూర్చోలేకపోవడం. చెబితే డాక్టరు మోతాదైనా తగ్గిస్తారు, మందైనా మారుస్తారు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లూ ఉన్నాయి. బరువు, షుగరు, కొలెస్ట్రాలు మందు మొదలెట్టినప్పుడు, మూడు నెలలకు, ఆ తర్వాత ఏటా చూపించాలి. ఒక పూట మర్చిపోతే మర్నాడు రెండేసి వేయకూడదు.

బాగయ్యాడు కదా అని ఆపేస్తే చాలామందిలో వెంటనే ఏమీ కనిపించదు. మోసమంతా అక్కడే. వారాలో నెలలో గడిచాక తిరగబెడుతుంది. మాత్ర మానిన సంగతి అప్పటికి ఎవరికీ గుర్తుండదు, గాలి సోకిందంటారు. మొదటిసారి వచ్చిన జబ్బుకైనా తగ్గాక ఏడాది, రెండేళ్లు వాడమంటారు. తిరగబెట్టే ముందు చాలామందికి నిద్ర చెడుతుంది. వరసగా రెండు రాత్రులు నిద్ర లేకపోతే డాక్టరుకు ఫోన్ చేద్దామని, వాడు కుదురుగా ఉన్నప్పుడే ఒప్పందం చేసుకో.

గొంతులు వినిపిస్తున్నాయంటే 'ఎవరూ లేరు, నోర్ముయ్' అనకు. 'అవును' అని వంత పాడకు. 'నాకు వినపడ్డం లేదు నాన్నా, నీకు వినపడుతోందని తెలుసు. ఏమంటున్నాయి?' అను. చావమనో, ఎవర్నైనా కొట్టమనో చెబుతున్నాయంటే ఆ పూటే ఆసుపత్రికి తీసుకెళ్లు. ఏ వేళప్పుడైనా సలహాకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416 ఉంది. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

జబ్బు సంగతి బయట ఎవరికి చెప్పాలో వాడే తేల్చుకోవాలి, నువ్వు కాదు. ఆఫీసులో 'మందు వాడుతున్నాను, నైట్ షిఫ్టు పడదు' అంటే చాలు, జబ్బు పేరు అక్కర్లేదు. పెళ్లి సంబంధం దగ్గర మాత్రం దాచొద్దు. 'పెళ్లయితే కుదురుకుంటాడు' అనేవాళ్ల మాట వినకు. కొత్త పెళ్లాం కంటపడకుండా మాత్ర మింగడం ఎన్నాళ్లు సాగుతుంది? పెళ్లి హడావుడిలో నిద్ర ఎలాగూ ఉండదు. పదహార్రోజుల పండగ నాటికి మాత్ర, నిద్ర రెండూ పోతాయి.

అలాగని ఈ రాత్రే సాంబార్లో కలపడం ఆపేయకు, ఉన్నట్టుండి మందు ఆగిపోయినట్టవుతుంది. రేపే డాక్టరును కలిసి ఏ మందు, ఎంత, ఎన్నాళ్లుగా కలిపావో దాచకుండా చెప్పు. బాబుకు ఆయన ఎదుటే చెప్పు. కోప్పడతాడు, పడనీ. 'భయమేసి చేశాను, ఇంకెప్పుడూ చెయ్యను' అను. ఆ పూట నుంచి స్ట్రిప్పు వాడి చేతికే ఇవ్వు.

మీ పెదనాన్న