ఎన్నారై సందేహాలు: 308 రైఫిల్‌కి ఏ సైజింగ్ డై కొనాలి?

ప్రశ్న: ఈమధ్యే గ్రీన్ కార్డు వచ్చింది. 308 విన్‌చెస్టర్ బోల్ట్ యాక్షన్ రైఫిల్ కొన్నాను. తూటాలు ఇంట్లోనే రీలోడ్ చేసుకుందామని చూస్తే సైజింగ్ డైలలోనే ఫుల్ లెంగ్త్, నెక్, బుషింగ్, స్మాల్ బేస్ అని ఇన్ని రకాలున్నాయి. ఏది తీసుకోవాలి?

జవాబు: సైజింగ్ డై అంటే పేల్చాక ఉబ్బిన కేసుని (తూటా ఇత్తడి గొట్టాన్ని) మళ్లీ సైజుకి నొక్కే అచ్చు. మీరు కేసు మొత్తాన్నీ నొక్కే మామూలు ఫుల్ లెంగ్త్ డై తీసుకోండి. ఆర్‌సీబీఎస్, రెడ్డింగ్, హార్నడీ, ఫోర్‌స్టర్, లీ, ఏ కంపెనీదైనా సరిపోతుంది. మిగిలిన డబ్బు పెట్టి మంచి కాలిపర్, దానికి బిగించి కేసు అడుగు నుంచి షోల్డర్ (బుల్లెట్‌ని పట్టుకునే నెక్ కింద వాలు భాగం) దాకా కొలిచే హెడ్‌స్పేస్ కంపారేటర్ కొనండి. ఖరీదైన డైని అంచనాగా బిగించినవాడికంటే చవక డైని కొలిచి బిగించినవాడి కేసులే ఎక్కువ కాలం మన్నుతాయి.

డై సంగతికి ముందు వీసా సంగతి. మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఇది చదువుతున్న హెచ్1బీ, హెచ్4, ఎఫ్1 వాళ్లు మాత్రం ఆగాలి. నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు తుపాకీ గానీ అమ్యునిషన్ గానీ దగ్గర ఉంచుకోకూడదని ఫెడరల్ చట్టం. హంటింగ్ లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే, ఆ చట్టం లెక్కలో అమ్యునిషన్ అంటే తయారైన తూటా ఒక్కటే కాదు. ఖాళీ కేసు, ప్రైమర్ (పౌడర్‌కి నిప్పు అంటించే చిన్న మూత), బుల్లెట్ (బయటికి దూసుకెళ్లే ముక్క), పౌడర్ దేనికదే అమ్యునిషన్ కిందికి వస్తుంది. రూమ్మేట్ దగ్గర డై ఉంది కదా అని సరదాకి మొదలుపెట్టే పని కాదిది. ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు కూడా తమ రాష్ట్రం నిబంధనలు విడిగా చూసుకోవాలి. చేసినవి అమ్మాలంటే ఫెడరల్ లైసెన్సు కావాలి.

ఇక డై. పేల్చినప్పుడు ఇత్తడి కేసు ఉబ్బి రైఫిల్‌లో తూటా కూర్చునే చాంబర్ గోడలకు అంటుకుంటుంది. దాన్ని మళ్లీ సులువుగా చాంబర్‌లోకి వెళ్లేంత మాత్రమే నొక్కాలి. డైని ప్రెస్ అనే లివర్ యంత్రానికి బిగించి, కేసుని షెల్ హోల్డర్ అనే ముక్కలో నిలబెట్టి నొక్కుతారు. డైతో వచ్చే కాగితం మీద సాధారణంగా ‘షెల్ హోల్డర్‌కి తగిలేదాకా తిప్పి, ఇంకో పావు చుట్టు బిగించండి’ అని ఉంటుంది. అలా చేస్తే తూటా ఏ 308లోనైనా పడుతుంది గానీ, మీ రైఫిల్‌కి అవసరమైనదానికంటే షోల్డర్ ఎక్కువ వెనక్కి పోవచ్చు. అప్పుడు పేల్చిన ప్రతిసారీ కేసు సాగుతుంది. సాగేది అడుగుకి కాస్త పైన. అక్కడ లోపలి గోడ పలచబడి, బయట మెరిసే గీత ఒకటి చుట్టూ కనిపిస్తుంది. ఇంకా వాడితే కేసు అక్కడే రెండుగా తెగుతుంది. పేపర్ క్లిప్ విప్పి, కొన వంచి, లోపల గోకి చూడండి. గుంట తగిలితే ఆ కేసు పారేయాల్సిందే.

కాబట్టి ఇలా చేయండి. మీ రైఫిల్‌లోనే రెండు మూడుసార్లు పేల్చిన కేసులు నాలుగైదు తీసుకోండి. ఒక్కసారి పేల్చినంత మాత్రాన కేసు చాంబర్ నిండా ఉబ్బకపోవచ్చు. డీక్యాపింగ్ డైతో ప్రైమర్ తీసేయండి, లేకపోతే ఉబ్బిన ప్రైమర్ కొలతను తప్పు చూపిస్తుంది. కంపారేటర్‌లో 308కి 0.400 అంగుళం ఇన్‌సర్ట్ పెట్టి కొలవండి. వచ్చిన అంకెను పుస్తకంలో అంకెతో పోల్చకండి, అది మీ పరికరానికే చెల్లే కొలత. డైని షెల్ హోల్డర్‌కి తగిలించి, ఒక చుట్టు వెనక్కి తిప్పండి. కేసుకి వ్యాక్స్ రాసి, నొక్కి, మళ్లీ కొలవండి. మొదట్లో కొలత తగ్గకపోగా పెరగొచ్చు. కంగారుపడకండి, డై ఒళ్లు నొక్కుతుంటే షోల్డర్ ముందుకు తోసుకొస్తుంది. కొద్దికొద్దిగా దించుతూ, పేల్చిన కేసు కొలతకంటే 0.002 అంగుళం తగ్గగానే ఆపండి. డై మర అంగుళానికి 14 చుట్లు, అంటే 10 డిగ్రీలు తిప్పితే దాదాపు 0.002 అంగుళం కదులుతుంది. అందుకే పావు చుట్టు అనేది ఈ పనిలో చాలా పెద్ద మాట. కేసు డైలో ఉండగానే లాక్ రింగ్ బిగించండి.

నెక్ డై మొదటి కొనుగోలుకి వద్దు. నెక్ ఒక్కటే నొక్కుతూ పోతే కొన్నిసార్ల తర్వాత ఒళ్లు బిగిసి బోల్ట్ మూయడం కష్టమవుతుంది, అప్పుడు ఎలాగూ ఫుల్ లెంగ్త్ డై కావాలి.

బుషింగ్ డై, అంటే నెక్‌ని నొక్కే రింగు (బుషింగ్) సైజు మార్చుకోగల డై, మంచిదే, కానీ కేసులన్నీ ఒకే కంపెనీవి అయితేనే. నెక్ గోడ మందం కంపెనీకో రకంగా ఉంటుంది, రేంజిలో ఏరిన కలగాపులగం కేసులకి ఒకే బుషింగ్ పనికిరాదు. బుల్లెట్ పెట్టిన తూటా నెక్ బయటి వ్యాసం కొలిచి, అందులో 0.002 తీసేసి ఆ సైజు తీసుకోండి, 0.335 వస్తే 0.333. మామూలు డైలో అయితే నెక్‌ని లోపలి నుంచి వెడల్పు చేసే ఎక్స్‌పాండర్ బంతి బయటికి వచ్చేటప్పుడు నెక్‌ని లాగి వంకర చేసే ప్రమాదం ఉంది. నెక్ లోపల బ్రష్‌తో గ్రాఫైట్ లాంటి పొడి లూబ్ పూస్తే ఆ గుంజుడు చాలావరకు తగ్గుతుంది.

కేసు అడుగుభాగాన్ని ఇంకాస్త నొక్కే స్మాల్ బేస్ డై మీ బోల్ట్ రైఫిల్‌కి అక్కర్లేదు. సెమీ ఆటో ఉన్నవాళ్లు కూడా ముందు ఫుల్ లెంగ్త్ డైతోనే షోల్డర్‌ని 0.003 నుంచి 0.004 దాకా వెనక్కి పెట్టి, కేస్ గేజ్‌లో (కేసు సైజు సరిచూసే గొట్టం) పడుతుందో లేదో చూడాలి. పడకపోతేనే దాని జోలికి వెళ్లండి. అడుగుభాగాన్ని అదనంగా నొక్కితే ఇత్తడి త్వరగా అలసిపోతుంది.

డైతో పాటు షెల్ హోల్డర్ కూడా అదే కంపెనీది కొనండి, ఎత్తులో తేడా వస్తే సెట్టింగ్ మారిపోతుంది. 308, 6.5 క్రీడ్‌మోర్, 30-06 మూడింటికీ ఒకటే హోల్డర్, 223కి వేరు. కొత్త డైలో తుప్పు పట్టకుండా పూసిన నూనె ఉంటుంది, వాడేముందు సాల్వెంట్‌తో కడగండి. వ్యాక్స్ వేళ్లతో సన్నని పొరగా రాయాలి. ఎక్కువైతే షోల్డర్ మీద సొట్టలు, తక్కువైతే కేసు డైలో ఇరుక్కుపోతుంది. లివర్ గట్టిగా అనిపించిందంటే అక్కడే ఆపి, కేసు బయటికి తీసి మళ్లీ రాయండి. బలం చూపిస్తే కేసు అంచు ఊడి, మిగతాది డైలోనే ఉండిపోతుంది. దాన్ని లాగడానికి స్టక్ కేస్ రిమూవర్ అనే సామాను కావాలి. సైజింగ్ తర్వాత పొడవు కూడా చూడండి. 308కి గరిష్ఠం 2.015 అంగుళాలు. దాటితే 2.005కి కోయాలి, లేకపోతే నెక్ అంచు చాంబర్ చివర ఇరుక్కుని ప్రెషర్ ప్రమాదకరంగా పెరుగుతుంది.

ఇంకొకటి. రేంజికి తీసుకెళ్లే బ్యాగుని ఇండియా ప్రయాణానికి వాడకండి. పక్క జేబులో మరిచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనిపించినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.