లాటరైట్ క్యూబులను ఆమ్లంలో ముంచే ముందు

హనుమకొండ

చిరంజీవి బిడ్డకు పెద్దనాయన ఆశీస్సులు.

ఇసుకలో కొంత తీసి, దాని బదులు లాటరైట్ మట్టి, అంటే ఇనుము, అల్యూమినియం ఎక్కువగా ఉండే ఎర్రమట్టి, కలిపిన కాంక్రీటు ఆమ్లానికి ఎంతవరకు తట్టుకుంటుందో పరీక్షిస్తానని రాశావు. ముందు మట్టి సంగతి చూసుకో. మన వైపు టిప్పర్లలో వచ్చే ఎర్ర మొరం చాలావరకు గ్రానైటు శిథిలమై ఏర్పడినది. రంగు చూసి దానినే లాటరైట్ అనుకోవద్దు. అసలు లాటరైట్ జహీరాబాద్, వికారాబాద్ వైపు బసాల్టు మీద పరుచుకొని ఉంటుంది. తెచ్చిన మట్టిని 75 మైక్రాన్ల జల్లెడలో కడిగి, మెత్తని మన్ను ఎంత ఉందో రాసుకో. ఆ మన్ను నీటిని పీల్చుకోవడం వల్ల కలిపేవాడు ఇంకొంత నీరు పోస్తాడు, నీరు పెరిగితే రంధ్రాలు పెరుగుతాయి, ఆమ్లం ఆ దారినే లోపలికి దిగుతుంది. అందుకే నీరు-సిమెంటు నిష్పత్తిని అన్ని మిశ్రమాలకూ ఒకటిగానే ఉంచి, మిశ్రమం బిగుసుకుంటే ప్లాస్టిసైజర్, అంటే నీరు పెంచకుండానే మిశ్రమాన్ని జారుగా చేసే మందు, వాడు.

28 రోజుల క్యూరింగ్, అంటే నీటిలో ఉంచి గట్టిపడనివ్వడం, తరువాతనే క్యూబులను, అంటే పరీక్షకు పోసిన కాంక్రీటు దిమ్మెలను, ఆమ్లంలో పెట్టు. సల్ఫ్యూరిక్ ఆమ్లం సిమెంటులోని సున్నాన్ని జిప్సంగా మారుస్తుంది. ఆ తెల్లని పిండి అంటుకొని ఉన్నన్నాళ్లు బరువు తగ్గకపోవడమే కాక ఒక్కోసారి పెరుగుతుంది కూడా. కనుక బరువును ఒక్కదానినే నమ్మకు. 5 శాతం ద్రావణమంటే బరువు లెక్కనా, ఘనపరిమాణం లెక్కనా అన్నది రిపోర్టులో స్పష్టంగా రాయాలి. బరువు లెక్కనైతే లీటరు ద్రావణానికి గాఢ ఆమ్లం సుమారు 28 మిల్లీలీటర్లే పడుతుంది. ఆమ్లాన్ని నీటిలో పోయాలి తప్ప నీటిని ఆమ్లంలో పోయకూడదని నీకు వేరే చెప్పనక్కరలేదు.

ఒకప్పుడు నేను ఆమ్లం తొట్లు నింపి, ఆమ్లం ఘాటును తెలిపే పీహెచ్ చూడకుండా రెండు నెలలు వదిలేశాను. క్యూబుల్లోని సున్నమే ఆమ్లాన్ని విరిచేసింది. ఫలితాలు ముచ్చటగా వచ్చాయి, ఎందుకూ పనికిరాలేదు. నీవు రెండు రోజులకొకసారి పీహెచ్ చూసి, తగ్గిన ఆమ్లాన్ని కలుపుతూ ఉండు.

అన్నిటికంటే ముఖ్యం, బలంలో నష్టశాతం చూసి మురిసిపోకు. మామూలు క్యూబు బలం 30 మెగాపాస్కల్స్ (బలాన్ని కొలిచే ప్రమాణం) నుంచి 21కి, లాటరైట్ క్యూబు బలం 20 నుంచి 16కి దిగాయనుకో: శాతంలో రెండవది గెలిచినట్లు కనిపిస్తుంది, కానీ బరువు మోయడానికి మిగిలిన బలం మొదటిదానిలోనే ఎక్కువ. రెండు అంకెలూ పక్కపక్కనే ఇవ్వు. పోలికకు ప్రతి మిశ్రమం నుంచి మూడేసి క్యూబులను ఆమ్లంలోని వాటిని పరీక్షించే వయసు వచ్చేవరకు నీటిలోనే ఉంచు, ఎందుకంటే అవి ఆలోగా ఇంకా బలపడుతుంటాయి.

క్యూబు పగిలిన ముఖం మీద ఫినాఫ్తలీన్ అనే రంగు మారే సూచక ద్రావణం చల్లితే ఆమ్లం సోకని భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు రాని అంచు మందం కొలిచి నాకు పంపు.

మీ పెద్దనాయన